సెలీనా ఎబర్లిన్ నాలుగో సంతకం

“పుట్టిన ఊరు అని అడిగిన చోట ఏం రాశావు?”

“హెబుల్‌రాయిడ్ అనే రాశానండీ.”

“దాని కింద?”

ఎనాక్ రష్‌వర్త్ కాగితం మీంచి కలం తీశాడు. “ఇప్పుడు ఏ దేశస్థురాలు అని అడిగారు. జర్మనీ అని రాశాను.”

“కొట్టెయ్.”

“కొట్టేస్తే దరఖాస్తు చెల్లదు మిసెస్ ఎబర్లిన్. జర్మనీ మనిషినని ఒప్పుకుంటేనే కదా, ఇంగ్లండు మనిషిగా చేర్చుకోమని అడగడానికి వీలయ్యేది?”

“అంటే, లేని జబ్బు ఉందని ముందు నేనే ఒప్పుకోవాలి. తరవాత దానికి మందిమ్మని అడుక్కోవాలి. అంతేనా?” ఆమె పిండి చేతులు ఏప్రానుకి తుడుచుకుంది. “ఏవయ్యా ఎనాక్, నేను పుట్టాక సముద్రం చూసిందే రెండుసార్లు. రెండుసార్లూ మోర్‌కమ్‌లోనే. రెండుసార్లూ వానే. ఇంక జర్మనీకి ఎప్పుడు వెళ్ళాను, ఎప్పుడు చేరాను?”

ఈ మాట ఆమె మూడు బుధవారాల నుంచీ అడుగుతూనే ఉంది. ఎనాక్ లాయరుగారి ఆఫీసులో గుమాస్తా. బుధవారం మధ్యాహ్నం ఊళ్ళో దుకాణాలన్నీ మూసేస్తారు కనక, ఆ పూట వెల్‌లేన్‌లో ఎబర్లిన్ పంది మాంసం దుకాణం వెనక గదికి వచ్చి, ఆమె చెప్పింది రాసుకోవడం అతని పని. రాయవలసింది నాలుగు పేజీలు. మూడు వారాల్లో రెండున్నర పేజీలు తేలాయి. మిగతా కాలమంతా ఆమె మాట్లాడింది, అతను విన్నాడు. అతనికి వినడం ఇష్టం. బడి చదువు పదమూడో ఏటితోనే ఆగిపోయినా, లైబ్రరీలో నిఘంటువులు ముందేసుకుని కూర్చునే రకం. ఏ మాట ఎక్కడ పుట్టింది, ఎవరి వెంట వచ్చింది అని వెతుక్కుంటాడు.

కానీ ఈ బుధవారం వినడానికి తీరిక లేదు. శుక్రవారం టపాకి కాగితాలు లండన్ వెళ్ళాలి. వెళ్తేనే జూన్‌లోపు జవాబు వస్తుందన్న ఆశ. జూన్‌లో ఆమె భర్త గాట్‌లోబ్ సమాధికి రాయి నిలబెడుతున్నారు. అక్కడ, అతని సొంత ఊళ్ళో. మరిది ఉత్తరం రాశాడు, నువ్వొస్తే బాగుంటుంది వదినా అని. వెళ్ళడానికి ఎవరూ అడ్డు చెప్పరు. చిక్కల్లా తిరిగి రావడంలోనే ఉంది. విదేశీయురాలిగా వెళ్తే, వచ్చేటప్పుడు రేవులో కూర్చున్న ఆఫీసరు ఆమెను ఓడ దిగనివ్వొచ్చు, దిగనివ్వకపోవచ్చు. అది అతని ఇష్టం. లాయరుగారు ఆ ముక్క మొహమాటం లేకుండానే చెప్పేశారు.

“అంటే నా మొగుడి సమాధి చూడాలంటే నా ఇల్లు వదులుకోవాలి. నా ఇల్లు ఉంచుకోవాలంటే సమాధి వదులుకోవాలి. ఈ రెంటి మధ్యా నీ కాగితం ఉంది. రాయి, రాయి. నన్నలా చూస్తావేం?”

ఆమె పిండి ముద్దని చెక్క దిమ్మె చుట్టూ పైకి లాగడం మొదలుపెట్టింది. మరిగిన కొవ్వూ నీళ్ళూ పోసి కలిపిన పిండి. వేడి ఆరిపోతే విరిగిపోతుంది. అందుకని ఆ పని మొదలుపెడితే మధ్యలో ఆపదు. దిమ్మె తీసేస్తే గిన్నెలాంటి గుల్ల నిలబడుతుంది. అందులో మాంసం కూరి, పైన మూత అతికి, మధ్యలో వేలితో కన్నం పెడుతుంది. గురువారం పొద్దున్నకి ఆరు డజన్ల పైలు కావాలి.

ఈ పని ఆమెకు నేర్పినవాడు గాట్‌లోబ్. పదహారేళ్ళప్పుడు, చేతిలో ఓ పెట్టె పట్టుకుని, మేనమామ దుకాణంలో పని నేర్చుకోవడానికి హెబుల్‌రాయిడ్ వచ్చాడు. యార్క్‌షైర్ మిల్లు ఊళ్ళలో పంది మాంసం దుకాణం అంటే జర్మనీవాడిదే అని అప్పట్లో అందరికీ తెలుసు. ఎవరికీ పట్టింపు ఉండేది కాదు. శనివారం రాత్రి మిల్లు వదిలాక జనం గిన్నెలు పట్టుకుని వీధి మలుపు దాకా వరస కట్టేవాళ్ళు. సెలీనా బిన్స్ ఉన్ని దువ్వే కార్మికుడి కూతురు. ఆమె కూడా ఆ వరసలోనే నిలబడింది. ఏడాదిపాటు నిలబడ్డాక, దుకాణం బల్లకి ఇవతలి వైపు నుంచి అవతలి వైపుకి వెళ్ళింది. అంతే పెళ్ళి.

“పంతొమ్మిది వందల నాలుగు, ఈస్టర్ మరుసటి సోమవారం. చర్చిలో పెద్ద పుస్తకం తెచ్చి ముందు పెట్టి, ఇక్కడ సంతకం పెట్టమ్మా అన్నారు. పెట్టాను. ఆ కలం కదిపినంతసేపట్లో నేను జర్మన్‌ని అయిపోయానట! మొగుడిది ఏ దేశమో పెళ్ళాందీ అదే దేశమని చట్టమట. పాస్టరుగారు చెప్పలేదు. మా నాన్న చెప్పలేదు. చెప్పడానికి వాళ్ళకి తెలిస్తే కదా! పదేళ్ళు నేను జర్మన్‌ని అని నాకే తెలీకుండా ఈ వీధిలో జర్మన్‌గా బతికాను. నవ్వకు.”

“నవ్వడం లేదండీ.”

“మీసం కింద నవ్వుతున్నావు. నాకు కనిపిస్తోంది.”

తెలిసింది పద్నాలుగో సంవత్సరం ఆగస్టులో. యుద్ధం ప్రకటించిన వారంలోనే పోలీసు సార్జెంట్ హార్స్‌ఫాల్ దుకాణంలోకి వచ్చి, టోపీ చేత్తో పట్టుకుని, గాట్‌లోబ్ పేరు రిజిస్టర్లో రాయించుకోవాలి అన్నాడు. తీసుకెళ్ళండి, సాయంత్రానికి పంపించెయ్యండి, పొద్దున సాసేజీలు చెయ్యాలి అంది సెలీనా. అప్పుడు సార్జెంట్ గొంతు సవరించుకుని, “నువ్వు కూడా రావాలి సెలీనా,” అన్నాడు.

“వాడూ నేనూ బడిలో ఒకే బెంచీ! వాడి పలక మీద లెక్కలు నేను చేసి పెట్టేదాన్ని. అలాంటివాడు నన్ను గోడకి నిలబెట్టి కొలతలు తీశాడు. ఎత్తు, కళ్ళ రంగు, పుట్టుమచ్చలు! పుట్టిన ఊరు ఎక్కడ అని అడిగాడు. ఒరే ఫ్రాంక్, మీ అమ్మ మంత్రసానిగా వచ్చి నన్ను భూమ్మీద వేసింది, ఎక్కడ వేసిందో వెళ్ళి మీ అమ్మనే అడుగు అన్నాను. పాపం, చెవులు ఎర్రబడిపోయాయి. అయినా రాశాడు. శత్రుదేశస్థురాలు అని రాశాడు. చేతిరాత మాత్రం బాగుంటుంది వాడిది. నేనే నేర్పాను.”

శత్రుదేశస్థులు ఇల్లు దాటి అయిదు మైళ్ళకి మించి వెళ్ళకూడదు. వెళ్ళాలంటే అనుమతి చీటీ కావాలి. సెలీనా తల్లి పెద్దకూతురు ఆనీ దగ్గర ఆటర్‌క్లఫ్‌లో ఉండేది. అది ఏడు మైళ్ళు. ముసలావిడకి ఊపిరి ఆడని జబ్బు. చీటీ అడిగితే, రోగం ఎంత ముదిరిందో డాక్టరు రాసివ్వాలన్నారు. డాక్టరు రాసిస్తే, ఆ రాసింది పెద్ద పోలీసు ఆఫీసుకి వెళ్ళాలన్నారు. చివరికి ఆనీకే ఒళ్ళు మండి, బొగ్గుల బండి అద్దెకి తీసుకుని, తల్లిని దుప్పట్లలో చుట్టి అయిదో మైలురాయి దగ్గరికి తీసుకొచ్చేది. నెలకి రెండు ఆదివారాలు. సెలీనా ఇటు నుంచి నడిచి వెళ్ళేది. రాయికి అవతల బండి, ఇవతల ఆమె.

“మా అమ్మకి అర్థమయ్యేది కాదు. ఇంట్లోకి రాకుండా రోడ్డు మీద నిలబెడతావేమిటే, మీ ఆయనకి నేనంటే పడదా అని ఏడ్చేది. ఆయనకి కాదే, పోలీసులకి పడడం లేదే అమ్మా అంటే వినిపించుకునేది కాదు. మా ఆయన మీద ఆ కోపంతోనే పోయింది. చీటీ వచ్చింది లే. సమాధి చేసిన రెండో రోజున.”

ఆమె పిండిని దిమ్మె మీద బలంగా కొట్టింది. గుల్ల ఒక వైపు చిరిగింది. విసుగ్గా దాన్ని ముద్ద చేసి పక్కన పడేసి ఇంకో ముద్ద తీసుకుంది.

ఎనాక్ నెమ్మదిగా మూడో పేజీ తిప్పాడు. “వ్యాపారం ఏ పేరుతో జరిగింది అని అడిగారు. ఈ మధ్యలో పేరు మార్చారా అని కూడా.”

“అహా! బోర్డు సంగతి రాసుకో. లండన్‌వాళ్ళు కూడా నవ్వుకోనీ.”

దుకాణం నుదుట బంగారు అక్షరాలతో ‘జి. ఎబర్లిన్’ అని ఉండేది. ఆ అక్టోబరులో ఎవరో రాత్రివేళ అద్దం పగలగొట్టారు. సెలీనా మర్నాడే బోర్డులు రాసే జో ఫెదర్‌ని పిలిచి, పేరంతా నల్లరంగుతో కప్పించేసింది. రంగు ఆరకముందే హార్స్‌ఫాల్ వచ్చాడు. కొత్త చట్టం వచ్చిందట. యుద్ధం మొదలైన రోజున శత్రుదేశస్థుల పేరు ఏదో, వ్యాపారం పేరు ఏదో, ఆ పేరే ఉండాలి. మారిస్తే నేరం. మళ్ళీ రాయించమన్నాడు. రాయించింది. వారం తిరక్కుండా కొత్త అద్దం పగిలింది. పేరు ఉంటే జనం కొడతారు, పేరు లేకపోతే పోలీసులు పట్టుకుంటారు. జో ఫెదర్ ఒక పలక చేసిచ్చాడు. పగలు పోలీసులు తిరిగేటప్పుడు తీసేసి, సాయంత్రం మిల్లు వదిలేవేళకి పేరు మీద తగిలించుకోవచ్చని. దానిమీద ‘మంచి హామ్ దొరుకును’ అని రాశాడు. అది కూడా దొంగపేరు కిందకే వస్తుందేమో పైవాళ్ళని అడిగి చెప్తానన్నాడు హార్స్‌ఫాల్.

“జో అయితే, యుద్ధం వల్ల బాగుపడింది ఫిరంగులు చేసేవాళ్ళు, వాళ్ళ తరవాత నేనే సెలీనా అనేవాడు. పేర్లన్నీ మార్చేస్తున్నారుగా! జర్మన్ సాసేజ్ అని రాయి మీద చెక్కినట్టుండే మాట, రాత్రికి రాత్రి లంచ్ సాసేజ్ అయిపోయింది. జర్మన్ బిస్కెట్ సామ్రాజ్యం బిస్కెట్ అయింది. జర్మన్ కుక్కలకి కూడా ఇంకో ఊరి పేరు పెట్టేశారు. సాసేజీకి కుదిరింది, బిస్కెట్టుకి కుదిరింది, కుక్కకి కుదిరింది. నాకు మాత్రం మార్చుకుంటే జైలు! చివరికి పదిహేడో ఏట రాజుగారు కూడా తన జర్మన్ ఇంటిపేరు మార్చుకున్నారు. పేపర్లో వచ్చింది. నేను ఆ పేపరు పట్టుకుని స్టేషన్‌కి వెళ్ళాను. ఫ్రాంక్, వెళ్ళి ఈయన్ని కూడా పట్టుకో అన్నాను. గట్టిగా అనకు సెలీనా, వాకిట్లో ఇన్‌స్పెక్టరు ఉన్నాడు అన్నాడు వాడు.”

ఎనాక్ ఈసారి దాచుకోకుండా నవ్వేశాడు. తరవాత, తనకి తెలిసినదేదో చెప్పి ఆమెను కాస్త చల్లబరుద్దామనిపించింది. “మాటలకి పర్వాలేదండీ. మాటలు ఎటునుంచైనా వచ్చేస్తాయి. మీరు అమ్మే మాంసం పేరే చూడండి. దొడ్లో తిరిగినంతసేపూ అది పిగ్, మన పాత మాట; పళ్ళెంలోకి వచ్చేసరికి పోర్క్, ఫ్రెంచి మాట. ఫ్రాన్సు నుంచి దండెత్తి వచ్చిన నార్మన్లు కత్తి పట్టుకుని తెచ్చారు. అంతెందుకు, ఫ్రాన్సులో మేం కందకాల్లో ఉన్నప్పుడు ఇంటిని ఏమనేవాళ్ళం? బ్లైటీ అనేవాళ్ళం. అది ఇండియా సిపాయిల విలాయతీ. ఇల్లు అనే మాటే పరాయివాళ్ళ దగ్గర తెచ్చుకున్నాం. ఇప్పుడు ఊరంతా అదే మాట.”

ఆమె చేతులు ఆగాయి. “దానికి నలుగురు సంతకం పెట్టారా?”

“దేనికండీ?”

“ఆ మాటకి. వచ్చి ఉంటానంటే, నలుగురు ఇంటి యజమానులు పూచీ పడ్డారా? ఎత్తూ కళ్ళ రంగూ రాయించుకున్నారా? ఇంకో సంగతి చెప్పనా? పళ్ళెంలోకి వచ్చిన నీ ఫ్రెంచి మాటని తెచ్చినవాళ్ళు గెలిచారు. అందుకే దానికి పెద్ద పీట. మా ఆయన ఓడిపోయిన వైపువాడు.”

ఎనాక్ కలం సిరాలో ముంచుకుని, నాలుగో పేజీ తీశాడు. అసలు పేచీ ఆ పేజీలోనే ఉంది.

నలుగురు కావాలి. ఇక్కడే పుట్టినవాళ్ళు, సొంతంగా ఇల్లు నడిపేవాళ్ళు. ఈమెను మేమెరుగుదుం, ఈమె నడత మంచిది, ఈ దేశానికి విధేయురాలు అని ప్రమాణం చేసి సంతకం పెట్టాలి. జో ఫెదర్ పెట్టాడు. రిటైరైన హార్స్‌ఫాల్ పెట్టాడు. చర్చిలో పియానో వాయించే మిస్ బ్రాడ్‌లీ పెట్టింది. నాలుగో గడిలో పేరు మాత్రం ఉంది, సంతకం లేదు. ఆ పేరు వాల్టర్ మిడ్గ్‌లీ.

“మిసెస్ ఎబర్లిన్, చివరిసారి అడుగుతున్నాను. మిడ్గ్‌లీయే ఎందుకు? మూలమీద కిరాణా హిండల్ ఉన్నాడు. నిలబడ్డపాటున పెడతాడు.”

“హిండల్ ఈ ఊరొచ్చి అయిదేళ్ళు. వాడికేం తెలుసు? నేను పై బాగా చేస్తానని తెలుసు. వాల్టర్ అయితే ఎదురింట్లో పుట్టాడు. వాళ్ళ నాన్న ఎజ్రా, మా నాన్న మిల్లులో ఉన్ని దువ్వే ఒకే యంత్రం దగ్గర పాతికేళ్ళు నిలబడ్డారు. వాడికి గవదబిళ్ళలొస్తే నాకూ అంటించాడు. వాడు రాయాలి, నేను ఇక్కడిదాన్ని అని.”

“ఆయన రాయడండీ.”

“రాయాలి.”

పదిహేనో ఏట మే నెలలో, వేయిమందికి పైగా ఉన్న ఓడని జర్మన్లు ముంచేశారన్న వార్త వచ్చిన రాత్రి, జనం వెల్‌లేన్‌లోకి వచ్చారు. అంతకు పది రోజుల ముందే వాల్టర్ తమ్ముడు ఫ్రెడ్ యుద్ధంలో జర్మన్ల విషవాయువు పీల్చి పోయాడు. వాల్టర్ ముందు నడిచాడు. మొదటి రాయి అతనిదే. తరవాత దుకాణంలో మిగిలింది గోడలే. హామ్‌లు, సాసేజీ గొలుసులు, కత్తులు, పియానో కూడా పోయాయి. ఆ ఊపులో పక్క వీధిలో స్కోఫీల్డ్ దుకాణాన్ని కూడా పగలగొట్టారు, పేరు మొదట్లో అక్షరాలు జర్మన్ పేరులా కనిపించాయని. స్కోఫీల్డ్ పుట్టింది అక్కడికి రెండు మైళ్ళలో. ఆ వారంలోనే గాట్‌లోబ్‌ని మ్యాన్ దీవిలో నిర్బంధ క్యాంపుకి తీసుకుపోయారు. నాలుగేళ్ళు ఉంచి, యుద్ధం అయిపోయాక ఇంటికి పంపకుండా, ఓడెక్కించి జర్మనీకి పంపేశారు. నువ్వూ వెళ్ళమ్మా, మీ దేశానికి అన్నారు సెలీనాతో. మా దేశంలోనే ఉన్నాను, పొయ్యి మీద టీ నీళ్ళు కూడా పెట్టాను అందామె. గాట్‌లోబ్ రమ్మని రాసేవాడు. నాకు మీ భాషలో సాసేజీల పేర్లు తప్ప ఏమీ రావు, ఎలా బతకను అని తను రాసేది. ఈ ఏడు, పై ఏడు అనుకుంటూ ఉండగానే మూడేళ్ళకి ఆయన పోయాడు. ఆ సంగతి మాత్రం ఆమె మూడు వారాల్లో ఒక్కసారే చెప్పింది, అదీ గుమ్మం వైపు తిరిగి.

పెరటి తలుపు మీద ఎవరో తట్టారు.

సెలీనా చూడకుండానే, “బుధవారం మూసి ఉంటుంది!” అని అరిచింది.

“తెలుసు. నేను వాల్టర్‌ని.”

ఆమె వెళ్ళి తలుపు తీసింది. మిడ్గ్‌లీ భారీ మనిషి, మిల్లులో మేస్త్రీ. నల్ల కోటు వేసుకుని, టోపీ చేతుల్లో నలుపుతున్నాడు. ఈ గడప దగ్గరికి పదేళ్ళలో అతను రాలేదు. భార్య వచ్చి కొనుక్కెళ్ళేది.

“నాన్న పోయాడు. పొద్దున ఆరింటికి.”

“ఎజ్రానా?” ఆమె కుర్చీ వీపు పట్టుకుంది. “నిన్న కిటికీలో కూచుని చెయ్యూపాడే!”

“నిద్రలోనే పోయాడు. శనివారం తీసుకెళ్తాం.” అతను నేల వైపు చూస్తూ, “హామ్ కావాలి. నలభైమంది వస్తారు,” అన్నాడు.

హెబుల్‌రాయిడ్‌లో మనిషిని సాగనంపాక వచ్చినవాళ్ళకి ఉడికించిన హామ్, అంటే ఉప్పులో ఊరబెట్టిన పంది తొడ, పెట్టాలి. కోసిన ముక్క మందం చూసి, పోయినవాడికి ఇంట్లో ఎంత గౌరవం ఉండేదో చెప్పేస్తారు. ఆ ముక్క సంగతి ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది.

“కో-ఆపరేటివ్ దుకాణంవాళ్ళు ఇస్తారుగా,” అంది సెలీనా.

“ముసలాయన ముందే చెప్పాడు. వాళ్ళ పలచటి ముక్కలు నా పేరు మీద పెట్టావంటే లేచొచ్చి అందరిముందూ తిడతాను, సెలీనా దగ్గర తీసుకో, లేకపోతే ఉత్త రొట్టె పెట్టు అన్నాడు.”

ఆమె నోరు బిగించుకుంది. నవ్వో ఏడుపో ఎనాక్‌కి తెలియలేదు. “నలభైమందంటే రెండు కాళ్ళు కావాలి. ఈ రాత్రి నానేస్తే రేపు ఉడుకుతాయి. శుక్రవారమంతా చల్లారాలి. కొయ్యడం నేనే వచ్చి కోస్తాను. నీ భార్య కోస్తే పొట్టులా వస్తాయి.”

“సరే.”

“ఎముక నీకే ఇస్తాను, చారుకి.”

“సరే.”

అతను వెనక్కి తిరగబోయాడు. ఎనాక్ ఉండబట్టలేకపోయాడు. కుర్చీలోంచి లేచి, “మిస్టర్ మిడ్గ్‌లీ, ఒక్క క్షణం. మిసెస్ ఎబర్లిన్ కాగితం ఒకటుంది, మీ సంతకం...” అన్నాడు.

“నోరు ముయ్యి ఎనాక్!” సెలీనా గిర్రున తిరిగింది. “ఆ ఇంట్లో శవం ఉంది. బుద్ధుందా నీకు?”

కానీ మిడ్గ్‌లీ చెయ్యి చాపాడు. కాగితం కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళి, పెదాలు కదుపుతూ మొత్తం చదివాడు. “ఈమె విధేయతకి విరుద్ధంగా ఏమీ ఎరుగను అని రాయాలా?”

“అవునండీ.”

“పదిహేనో ఏట నేను ఇదే వీధిలో నిలబడి, ఊరంతా వినేట్టు దానికి విరుద్ధంగానే అరిచాను. ఇప్పుడిది రాస్తే అప్పుడు అబద్ధం చెప్పినట్టవుతుంది.”

“అప్పుడు అబద్ధమే చెప్పావు వాల్టర్,” అంది సెలీనా. గొంతు పెంచలేదు.

“ఫ్రెడ్ పోయి పది రోజులే అయింది.”

“ఫ్రెడ్‌కి నిక్కరు బొత్తాలు కుట్టింది నేను. వాడు పోయాడని నాకు తెలిసింది నీ రాయి వచ్చి పడ్డాక. అంతకు ముందు ఎవరూ నాకు చెప్పలేదు. శత్రువుని కదా!”

మిడ్గ్‌లీ మొహం బిగుసుకుంది. కాగితం బల్ల మీద పెట్టి, గాలికి ఎగరకుండా దానిమీద పిండి కర్ర అడ్డం పెట్టాడు. “శనివారం కానీ. అంతా అయ్యాక చూద్దాం. ఇప్పుడు నా తల పనిచెయ్యడం లేదు.”

“ఎప్పటికి చూస్తారు?” అన్నాడు ఎనాక్.

“చూద్దాం అన్నాను కదా.” టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. పెరటి గేటు గడియ పడిన చప్పుడు వినిపించింది.

సెలీనా బల్ల దగ్గరికి వచ్చి, చల్లారిపోయిన పిండిని నొక్కి చూసింది. బిరుసెక్కింది. దాన్ని రెండు చేతులా ఎత్తి తొట్టిలో వేసింది, నేలకేసి కొట్టినట్టు.

“చూద్దాం అంటాడు! పదేళ్ళు పట్టింది వాడికి ఆ మాట అనడానికి. ఇంకో పదేళ్ళు పడుతుంది చూడ్డానికి.”

“కాదనలేదు కదండీ. ఆదివారం నేను వెళ్ళి అడుగుతాను. పెడతాడనే నాకనిపిస్తోంది.” కొంచెం ఆగి, నిజం చెప్పక తప్పక, “కానీ శుక్రవారం టపా పోతుంది. మళ్ళీ లాయరుగారు కాగితాలు చూసేసరికి మే నెల నడిమికొస్తుంది. జూన్ మీద ఆశ వదులుకోవాలి,” అన్నాడు.

ఆమె కుర్చీలో కూర్చుంది. వచ్చిన మూడు బుధవారాల్లో ఆమె కూర్చోగా ఎనాక్ చూడడం ఇదే మొదలు.

“నాకు కావలసింది సంతకం కాదయ్యా. వాడి చేత్తో, ఈ వీధి చేత్తో, ఆ ఒక్క మాట రాయించుకోవాలని. రాయించుకుంటే గాట్‌లోబ్ రాయి ముందు నిలబడి, చూశావా, ఒప్పుకున్నారు అని చెప్పొచ్చని.” చేతులకంటిన పిండి గోరుతో గీరుకుంది. “ఒప్పుకోరు. ఒప్పుకోవాలని ఉన్నా నోరు పెగలదు వీళ్ళకి. ఇదేం జనం! ఇదేం ఊరు! దీనికోసం నా మొగుణ్ణి ఒంటరిగా చావనిచ్చాను.”

బయట వీధిలో ఎవరో బండి తోలుకుపోతున్నారు. ఆ చప్పుడు పూర్తిగా తగ్గేదాకా ఆమె అలాగే ఉంది. తరవాత లేచి, రాత్రి హామ్‌లు నానెయ్యడానికి పెద్ద గంగాళం కిందికి దింపింది.

“రెండూ కావాలంటే దొరకవు. ఆయన్ని మళ్ళీ ఇంకో ఏడాది ఆగమనలేను. హిండల్ పేరు రాయి.”

“నిజంగానా?”

“రాయి, నా మనసు మళ్ళీ తిరక్కముందే. ఇవాళ వాడి కొట్టు మూసి ఉంటుంది. పార్కులో బంతులాడుతుంటాడు. కాగితం ముట్టుకునేముందు చేతులు కడుక్కోమను, వాడికి ఎప్పుడూ వెన్న చేతులే. ఎన్నేళ్ళుగా ఎరుగుదువు అన్నచోట అయిదేళ్ళు అనే రాయమను. పదీ ఇరవై అని మంచితనానికి పోయి కోతలు కోస్తాడు, దానికి లండన్‌వాళ్ళు నన్ను పట్టుకుంటారు. వచ్చేటప్పుడు మిడ్గ్‌లీ ఇంటిముందు నుంచే రా. లోపలికి వెళ్ళకు, గుమ్మంలోంచే మాట్లాడు. కాగితం బయటికి తియ్యకు. సంతకం మాట ఎత్తావంటే నేను ఊరుకోను. శుక్రవారం సాయంత్రం నేను కొయ్యడానికి వచ్చేసరికి, వాల్టర్ వాళ్ళ అమ్మ పెళ్ళినాటి పెద్ద పింగాణీ పళ్ళెం అటక మీంచి దింపి, కడిగి ఉంచమన్నానని వాడి భార్యతో చెప్పు. వెళ్ళు, వెళ్ళు. చీకటి పడితే హిండల్ ఆట ఆపేసి తాగడానికి పోతాడు.”